ఇసుకదిబ్బలను చదును చేయకుడు

కాకినాడనుండి ఉప్పాడకు పోవు సముద్రతీరపు దారి వార్తాపత్రికల మూలమున తెలుగు పాఠకుల కందరకును పరిచితమైనదే. బంగాళాఖాతమున వాయుగుండ మేర్పడిన ప్రతి పర్యాయమును ఆ దారి యెచ్చటనో యొకచోట కోతపడును. తారుపలకలు విరిగి అలలలో గూలును. మరునాడు అధికారులు వచ్చి చూచి పోవుదురు. కొన్ని దినములకు లారీలతో నల్లరాళ్ళు దిగును. మరుసటి తుపానునకు వానిలో కొన్ని యిసుకలో దిగిపోవును, మరికొన్ని దొర్లి దారిమీదికే వచ్చును. ఇసుక నింపిన పెనుగొట్టములను, జియోట్యూబులని వానికి పేరు, పేర్చి యచ్చట కట్టిన గోడయు తుపానుల తాకిడికి చిరిగి చీలి శిథిలమైపోయినది. అలలు తగ్గిన పిమ్మట, పూర్వము కడలిపాలైన యిండ్లనుండియు గుడులనుండియు బంగారపు రజను కొట్టుకొని వచ్చునన్న యాశతో ఆ యూరి స్త్రీలును పిల్లలును తడియిసుకలో వెదకుచుందురు. జామ్‌దానీ చీరలకు దేశమంతట పేరుపొందిన గ్రామమునకు ఇట్టి ప్రసిద్ధి కూడ కలుగుట విచారకరము.

ఉప్పాడ కోతకు కారణము లనేకములు. గోదావరి మొగవద్ద ఉత్తరముగా సాగిన హోప్ ఐలాండు అను ఇసుకతిప్ప కాకినాడకు చాటు కల్పించుచు, దానిని చుట్టివచ్చు అలల బలము నంతయు ఉప్పాడవైపునకు మళ్ళించుచున్నదని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఆ విషయమున నాకు వివాదము లేదు. నేను చెప్పదలచిన దొక్కటే. తీరరక్షణ మనగా ఏదో యొకటి కట్టుటయే యన్న నమ్మకము మన ప్రభుత్వములకును, నిజమునకు మన ప్రజలకును, మనసున నాటుకొని పోయినది. రాయి మేలా, కాంక్రీటు మేలా, గోడ యెత్తెంత, వ్యయ మెన్ని కోట్లు అన్నదే చర్చ. ప్రకృతి యేండ్ల తరబడి రేణువు రేణువుగా పోసి నిలిపిన ఇసుకదిబ్బ ఇంకను చెక్కుచెదరక యున్న తీరములు మనకు శ్రీకాకుళమునుండి నెల్లూరువరకు ఎన్నియో యున్నవి. వానిని చెడగొట్టకుండుటయు రక్షణమే యనియు, అది అన్నింటిలో చౌకయైన రక్షణమనియు చెప్పు ప్రణాళిక యొక్కటియు నా కంటబడలేదు.

దిబ్బ యెట్లు పుట్టునో తెలిసినవారికి దానిని పాడుచేయుట కంత తేలికగా చేయి రాదు. అల తెచ్చి పోసిన ఇసుక పాటువేళ ఎండి పొడియగును. గాలి సెకనుకు సుమారు 5 మీటర్ల వేగము నందుకొన్నపుడు ఆ పొడిరేణువులు గంతులు వేయుచు లోతట్టునకు సాగును. దారిలో ఒక గడ్డిదుబ్బయో తీగయో అడ్డుపడినచో దాని చాటున గాలి మందగించి ఇసుక రాలిపోవును. అట్లు తొలుత గుప్పెడు, పిమ్మట గంపెడు, కొన్నేండ్లకు మనుష్యునికి మించిన మిట్ట. ఈ పనికి ప్రకృతి నియమించిన మొక్కలును సామాన్యమైనవి కావు. తీరవాసులు రావణాసురుని మీసములని పిలుచు ముండ్లగడ్డి యొకటి. దాని గింజల బంతులు గాలికి తీరమంతట దొర్లుచుండగా పిల్లలు వెంటబడుట మన బీచీలలో నిత్యము కానవచ్చు వేడుకయే. నడుమ చీలిన యాకులతో ఊదాపూలతో నేలమీద ప్రాకు బాలబండ తీగ మరియొకటి. ఇది పదుల యడుగుల పొడవున సాగి, కణుపు కణుపునకును వేరు దించి ఇసుకను పట్టి బంధించును. ఇతర వృక్షములు ఇసుక క్రింద పూడినచో చచ్చును. ఈ రెండును పూడినకొలది మీదికి పెరుగును. ఉప్పుతుంపరను, మండుటెండను, నీటి కరవును ఓర్చుకొను ఈ మొక్కలు ఓర్వలేనిది మనుష్యుని కాలి త్రొక్కుడును, మోటారు చక్రమును మాత్రమే. దిబ్బమీద ఒక కాలిబాట పడినచాలు, తీగ చచ్చి, గాలి ఆ చోటును తొలిచి, గండి యేర్పడును. ఉప్పెననాడు నీరు ముందుగా వెదకుకొనివచ్చు ద్వార మదియే.

తుపాను వచ్చినపుడు దిబ్బ చేయు పని యింకను విశేషమైనది. పెద్ద యలలు దిబ్బ పాదమును నిలువుగా కోయును. చూచువారికి అది నాశనముగానే తోచును. కాని కోతపడిన ఆ యిసుక ఎచ్చటికో మాయమై పోదు. అలల వెనుకరాపిడికి కొంతదూరము సముద్రములోనికి పోయి నీటి యడుగున మిట్టగా నిలుచును. అటుపిమ్మట వచ్చు అలలు తీరము చేరకముందే ఆ మిట్టపై విరిగి బలహీనములగును. అనగా దిబ్బ తన దేహమునే ఖర్చుచేసి తుపాను బలమును తగ్గించుచున్నదన్నమాట. గాలివాన వెలసి సముద్రము శాంతించిన మాసములలో చిన్నయలలు ఆ యిసుకనే మెల్లమెల్లగా తీరమునకు మరల చేర్చును, గాలి దానిని దిబ్బకు మోయును, తీగ పట్టుకొనును. పంటకాలమున నిండి కరవునాట తీయబడి మరుసటి పంటకు మరల నిండు రైతు గాదె యెట్టిదో తీరమునకు దిబ్బ యట్టిది. ఆ గాదెను పగులగొట్టి ఆ చోట గోడ కట్టినచో నేమగును? అల గోడను కొట్టి అదే బలముతో వెనుకకు మరలి గోడ ముందరి యిసుకను తవ్వుకొనిపోవును. బీచి పలుచనై, లోతు హెచ్చి, మరింత పెద్ద యలలు గోడదాక రానేర్చును. గోడ ముగిసిన చోట ప్రక్కయూరికి కోత మొదలగును. పిమ్మట ఆ యూరివారును గోడ యడుగుదురు, అడుగుట న్యాయమే.

దిబ్బ సర్వరక్షకమని చెప్పుట అతిశయోక్తి యగును. 1864 నవంబరులో బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించిరి. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన సుమారు 5 మీటర్ల యెత్తున లేచి పల్లపు డెల్టానేలపై మైళ్ళ దూరము పారినది. హంసలదీవి, పాలకాయతిప్ప, సొర్లగొంది మొదలైన గ్రామముల పేళ్ళు నేటికిని ఆ ప్రాంతమున కన్నీళ్ళు లేక యుచ్చరింపబడవు. ఆ రాత్రి మృతిజెందినవారు సుమారు 10,000 మంది. అంతటి జలరాశికి ఎదురుగా ఏ దిబ్బయైనను పూర్తిగా నిలుచునని యెవ్వరును హామీ యీయజాలరు. తుపాను షెల్టరును, వేళకు చేరు హెచ్చరికయు, ఊరు విడిచిపోవుటకు మంచి బాటయు దిబ్బ యున్నను కావలసినవే. కాని 2004 డిసెంబరు 26 నాటి సునామీ పిమ్మట జాతీయ సముద్రవిజ్ఞాన సంస్థ శాస్త్రజ్ఞులు తమిళనాడు తీరమును పరిశీలించి, దిబ్బలును తీరవనములును నిలిచియున్న చోట్ల వాని వెనుకనున్న ప్రదేశములకు రక్షణ కలిగినదని వ్రాసిరి. మహోపద్రవమును ఆపలేకపోయినను దాని వేగమును, ఎత్తును, లోనికి చొచ్చు దూరమును తగ్గించుట చిన్న యుపకారము కాదు. ఏటేట వచ్చు సామాన్యపు తుపానుల మాట వేరుగా చెప్పనక్కరలేదు.

దిబ్బవలన మరియొక లాభము కలదు. దానిని గూర్చి పట్టణవాసులకు తెలిసినది తక్కువ. బాపట్ల, చీరాల, వేటపాలెము ప్రాంతములందును నెల్లూరు తీరమునందును రైతులు ఇసుకలో లోతులేని గుంటలు తవ్వి వానినుండి తీయని నీరు తోడుకొందురు. దొరువు లని వానికి పేరు. సముద్రపు హోరు చెవినబడు చోట మంచినీ రెట్లు దొరకుచున్నదని క్రొత్తవారు ఆశ్చర్యపడుదురు. వాననీరు దిబ్బలోనికి ఇంకి, బరువైన ఉప్పునీటిమీద తేలికయైన మంచినీటి పొరగా నిలుచుటయే దీని రహస్యము. నీటిమట్టము సముద్రమట్టముకంటె 1 అడుగు ఎత్తున నున్నచోట దాని క్రింద సుమారు 40 అడుగుల మేర మంచినీ రుండునని శాస్త్రజ్ఞుల లెక్క. ఈ లెక్క తలక్రిందులుగా కూడ నిజమే: దిబ్బను తవ్వి ఆ మట్టమును ఒక్కయడుగు దించినచో పోవునది ఒక్కయడుగు నీరు కాదు. బిందెలతో నీరుపోసి ఆ యిసుకలో కూరగాయలును వేరుసెనగయు పండించుకొను రైతునకు దిబ్బ పోయిననాడు సముద్రము ఊరిలోనికి రాకపోయినను బావిలోనికి వచ్చును.

ఇట్టి దిబ్బలను చదును చేయుచున్న వారెవరు? ఒక్కరని చెప్పజాలము. ఇండ్ల స్థలములు మెరక చేయుటకు ట్రాక్టరులతో ఇసుక తోలుకొనిపోవు వారున్నారు. రొయ్యల చెరువులకై దిబ్బ వెనుకటి తట్టును త్రవ్వు వారున్నారు. గదిలోనుండి సముద్రము కనబడవలెనన్న ఒక్క కోరికతో రిసార్టు ముందరి దిబ్బను యంత్రముతో త్రోయించు వారున్నారు. బీచి ఉత్సవములకు వేదికకును వాహనముల నిలుపుదలకును చోటు కావలెనని తీగలను గడ్డిని పీకి శుభ్రము చేసితిమని సంతోషించు ప్రభుత్వ శాఖలును ఈ జాబితాలో నుండక తప్పదు. వీరిలో అధికులు దుర్మార్గులు కారు. దిబ్బ యన్నది వారి కంటికి పనికిమాలిన మిట్ట. గ్రామపు లెక్కలలో అది పోరంబోకు. పోరంబోకును కాపాడవలెనని ఏ ఉద్యోగికి తోచును?

చట్టము లేక కాదు. 1991 లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన తీరప్రాంత నియంత్రణ ఉత్తరువు మొదలుకొని, 2011 నాటి ఉత్తరువునందును 2019 నాటి ఉత్తరువునందును ఇసుకదిబ్బలను మార్చుట, చదును చేయుట నిషిద్ధము. మడయడవులతోను, తాబేళ్ళు గ్రుడ్లుపెట్టు చోట్లతోను సమానముగా దిబ్బలకు అత్యంత సున్నితమైన మండలమున స్థానము కలదు. ఐతే 2019 నాటి ఉత్తరువు నిషేధమును సజీవమైన, అనగా ఇంకను గాలికి కదలుచున్న, దిబ్బలకు పరిమితము చేసినది. 2011 జనాభా లెక్కల ప్రకారము చదరపు కిలోమీటరునకు 2,161 మందికి మించి జనులున్న గ్రామీణ తీరములలో కట్టడములు నిషిద్ధమైన మేరను 200 మీటర్లనుండి 50 మీటర్లకు తగ్గించినది. ఈ 50 మీటర్లకు ఆవలనున్న దిబ్బను రక్షించునది తీరనిర్వహణ పటము మాత్రమే. పటమున గీయబడని దిబ్బ చట్టమునకు కనబడదు. దిబ్బ సజీవమా నిర్జీవమా యని తేల్చు అధికారి దానిని ఏ ఋతువులో చూచెనన్నదానిపై ఒక గ్రామపు భవిష్యత్తు ఆధారపడుట నాకు సమంజసముగా తోచలేదు.

ఇక సరుగుడు తోటల సంగతి. దివిసీమ ఉప్పెన పిమ్మట అటవీశాఖవారు తీరమున సరుగుడును విరివిగా నాటించిరి. గాలివేగమును తగ్గించుటకును, పేదలకు వంటచెరకును రైతులకు పంటయు నిచ్చుటకును ఆ చెట్టు చేసిన మేలు కాదనరానిది. కాని సరుగుడు పరదేశపు చెట్టు; సముద్రమునకు ఎదురుగా, దిబ్బ ముఖముమీదనే దానిని నాటినచోట దాని రాలుటాకు మందముగా పరచుకొని తీగలను గడ్డిని బ్రతుకనీయదు; దాని వేళ్ళు కోతపడు గట్టును పట్టి నిలుపజాలవు; ఏటేట తీరమున వేళ్ళు పైకిలేచి పడియున్న సరుగుడు మొదళ్ళే దీనికి సాక్ష్యము. శీతాకాలము చివర గ్రుడ్లుపెట్ట వచ్చు ఆలివ్ రిడ్లే తాబేళ్ళకును ఆ తోటలు అడ్డమగుచున్నవి. దిబ్బ ముఖమును తీగకును గడ్డికిని విడిచి, వెనుకటి వాలున మొగలియు జీడిమామిడియు తాడియు, వాని వెనుక సరుగుడును ఉంచుట యుక్తమైన వరుస. ఎన్ని లక్షల మొక్కలు నాటితిమన్న లెక్కపై శాఖల ఘనతను కొలుచునంతకాలము ఈ వరుస కుదరదు. తీగను నాటినచో లెక్కపెట్టుట కష్టము గదా.

దిబ్బలను కాపాడినను వానికి ఇసుక యెచ్చటనుండి వచ్చునని యడుగువారున్నారు. ఆ ప్రశ్న గట్టిదే. మన తీరమున ఇసుక సంవత్సరములో అధికభాగము దక్షిణమునుండి ఉత్తరమునకు నడచును. ఈశాన్య ఋతుపవనపు మాసములలో కొంత వెనుకకు మరలినను నికరముగా లాభపడునది ఉత్తరమే. ఆ నడకకు ఇసుక నిచ్చునవి నదులు. ఆంధ్ర విశ్వవిద్యాలయాచార్యులు కాకాని నాగేశ్వరరావుగారును వారి సహచరులును 2010 లో ప్రకటించిన పరిశోధన ప్రకారము గోదావరి తెచ్చు ఒండ్రు 1970-79 నడుమ ఏటికి సుమారు 150 మిలియన్ టన్నులుండగా 2000-06 నాటికి 57 మిలియన్ టన్నులకు దిగినది. కృష్ణ తెచ్చునది 1966-69 నాటి 9 మిలియన్ టన్నులనుండి 0.4 మిలియన్ టన్నులకు క్షీణించినది. తక్కినదంతయు ఆనకట్టల వెనుకనే నిలిచిపోవుచున్నది. 1965 మొదలు 2008 వరకు ఈ రెండు డెల్టాల 336 కిలోమీటర్ల తీరమున నికరముగా సముద్రము పాలైన నేల 76 చదరపు కిలోమీటర్లని వారి నిర్ణయము. ఆనకట్టలు లేక మన యన్నము లేదు గనుక వానిని నిందించుటకు నాకు నోరు రాదు. ఐనను రాబడి తగ్గిన సంసారి కూడబెట్టినదానిని మరింత జాగ్రత్త చేసికొనునేగాని వీధిలో పారబోయడు.

రేవుల విషయము వేరు. ఇసుక నడకకు అడ్డముగా సముద్రములోనికి కట్టిన ప్రతి గోడయు దక్షిణమున ఇసుకను పోగుచేసి ఉత్తరమున కోతను పుట్టించును. విశాఖపట్టణమున 1933 లో తెరచిన ఓడరేవును కాపాడుటకు జేనస్, వెల్లెడ్సన్ అను రెండు పాత ఓడలను సముద్రములో ముంచి అలలకు అడ్డు కల్పించిరి. 1970ల దశకమున వెలుపలి రేవు వచ్చినది. రేవు దక్షిణమున చిక్కుకొన్న ఇసుకను త్రవ్వి ఉత్తరపు బీచీకి చేర్చుట అప్పటినుండియు తెలిసిన విధాయకమే. ఆ పని సక్రమముగా సాగినన్నాళ్ళు రామకృష్ణా బీచి నిలుచును. అలసత్వము చూపిన వత్సరములలో కోతపడును. 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్ వంటి తుపాను వచ్చినపుడు ఆ యలసత్వమునకు వడ్డీతో సహా చెల్లింపవలసి వచ్చును. క్రొత్త రేవులకును చేపల జెట్టీలకును అనుమతు లిచ్చునపుడే ఇసుకను ఇవతలనుండి అవతలకు చేర్చు వ్యయమును రేవు యజమాని నెత్తిన శాశ్వతముగా పెట్టుట న్యాయము. ఉత్తరమున నున్న జాలరిపల్లె రేవు లాభములలో భాగస్వామి కాదు, నష్టములో మాత్ర మెందుకు కావలెను?

పదునేడవ శతాబ్దారంభమునుండియు మచిలీపట్టణమున వర్తకము చేసి, పిమ్మట భీమునిపట్టణమున కోఠీ నడపి, తమ సమాధులను కూడ మన గడ్డమీదనే విడిచిపోయిన డచ్చివారి దేశము ఈ సందర్భమున స్మరణీయము. వారి నేలలో సుమారు నాలుగవవంతు సముద్రమట్టముకంటె పల్లము. వారి పశ్చిమతీరమును కాచునవి ఇసుకదిబ్బలే. దిబ్బలమీద హెల్మ్ అను గడ్డిని నాటుట ఆ దేశమున శతాబ్దములనాటి విధి. 1953 నాటి జలప్రళయమున 1,836 మందిని పోగొట్టుకొన్న పిమ్మట వారు మహాసేతువులు కట్టిరనుట లోకమెరుగును. 1990 లో తీరరేఖను ముఖ్యముగా ఇసుకతోనే నిలుపుకొందుమని నిర్ణయించిరన్నది మనలో తక్కువమందికి తెలియును. 2011 లో హేగ్ నగరసమీపమున 21.5 మిలియన్ ఘనపు మీటర్ల ఇసుకను ఒక్కచోట పోసి, దానిని అలలును గాలియు తీరమంతట పంచుకొననిచ్చిరి. గోడలు కట్టుటలో లోకమునకు గురువులైనవారే ఇసుకవైపు తిరిగిరి. వారి ధనము మనకు లేదు, నిజమే. మనకు దిబ్బలు ఇంకను ఉచితముగా నున్నవి.

ఒక్క హెచ్చరిక. దిబ్బల రక్షణ పేరిట జాలరులను తీరమునుండి తరుముట కెవ్వరైన పూనుకొన్నచో అది ఘోరమైన యన్యాయము. పడవ లాగుకొనుటకు, వల యారబెట్టుకొనుటకు, చేప లెండబెట్టుటకు వారికి తీరము కావలెను. తరతరములుగా వా రా దిబ్బలతో కలిసియే బ్రతికిరి. ఊరికి రెండు మూడు చోట్ల నడకబాటలను నిర్ణయించి, వానిని గాలి కెదురుగా గాక ఏటవాలుగా త్రిప్పి, అవసరమైనచోట చెక్కలు పరచి, తక్కిన దిబ్బను త్రొక్కుడునుండి తప్పించుట అంత కష్టమైన పని కాదు. గండిపడిన చోట తాటాకు దడులను వరుసలుగా పాతినచో గాలి తెచ్చు ఇసుక వాని చాటున నిలుచును. పిమ్మట తీగ ముక్కలను నాటవలెను. ఉపాధిహామీ పథకపు కూలితో ఆ గ్రామపు స్త్రీలే చేయగల పని యిది. దీనికి విదేశపు కన్సల్టెంటు అక్కరలేదు.

భీమిలి దాపునగల ఎర్రమట్టి దిబ్బలకు మనము భూవిజ్ఞాన వారసత్వమన్న గౌరవ మిచ్చితిమి; 2025 లో అవి యునెస్కో తాత్కాలిక జాబితాలోనికి కూడ ఎక్కినవి. అవియు ప్రాచీనకాలమున గాలియు సముద్రమును కలిసి పోసిన తీరపుటిసుకయే, కాలక్రమమున ఇనుపతుప్పుచే ఎర్రబడినది. ముదుసలి దిబ్బలకు ఇచ్చిన మర్యాదలో నాలుగవపా లైనను, నేడు మన యెదుట పుట్టి పెరుగుచు మన యూళ్ళను కాచుచున్న దిబ్బలకు ఈయకుండుట ఏమి వివేకము?

కావున కోస్తా జిల్లాల కలెక్టరులకు నా విన్నపము. వచ్చు తుపానుకాలమునకు ముందే ప్రతి తీరగ్రామమున దిబ్బల యెత్తు, వెడల్పు కొలిపించి, తీరనిర్వహణ పటమునందును గ్రామలెక్కలయందును ఎక్కించి, ఆ పటమును పంచాయతీ గోడమీద అందరకును కనబడునట్లు తెలుగులో అంటింపుడు. దిబ్బను చదును చేయుట కనుమతి యిచ్చిన సంతకమును, అదే యూరికి పిమ్మట రాతిగోడకై కోట్లు మంజూరు చేసిన సంతకమును ఒకే దస్త్రములో నుంచి, ఆ దస్త్రమును గ్రామసభలో చదివింపుడు.